బరువు చూసి కొన్న ల్యాప్‌టాప్

పొద్దున చాయ్ తాగడం కాగానే పోచమ్మ మంచం కింద నుంచి కొత్త డబ్బా తీసి కూతురి ముందు పెట్టింది. మనీషా సంబరంగా విప్పి, ల్యాప్‌టాప్‌ను కుడిచేత్తో ఎత్తబోయి సగంలోనే దించేసింది.

ఆ రోజే ఆమె మాదాపూర్‌లోని చిన్న కంపెనీలో ప్రోగ్రామింగ్ పనికి చేరాలి. ఎవరి ల్యాప్‌టాప్ వాళ్లే తెచ్చుకోవాలన్నారు. తొండుపల్లి నుంచి రెండు బస్సులు మారాలి, సీటు దొరకడం కల్ల. అందుకే నెలరోజులు వాళ్లనూ వీళ్లనూ అడిగి, తెర చిన్నదైనా కోడ్ రాసుకోవడానికి సరిపోయే తేలికపాటిది ఒకటి ఎంచుకుంది. శంషాబాద్ దుకాణానికి ఫోన్ చేసి పక్కన పెట్టించింది కూడా. డబ్బు కట్టి తేవడమే పోచమ్మ పని.

"ఇది నేను జెప్పింది కాదమ్మా," అంది మనీషా.

పోచమ్మ మురిపెంగా చెప్పుకొచ్చింది. కూతురు చెప్పింది చేతిలో పెడితే అట్టముక్కలా ఉందట. అదే ధరకు పక్కన ఇది కనిపించింది. ఇత్తడి బిందెలు కొనేటప్పటిలాగే రెండు చేతులతో రెండింటినీ తూచి చూసింది. ఇంటి ఇబ్బంది తెలిసి బిడ్డ తక్కువదానితో సర్దుకుంటోందనుకుంది. కాళ్ల కడియాలు తూకానికి అమ్ముకున్న మనిషికి చేతికొచ్చేది బరువుగా ఉండాలనిపించదా మరి!

మనీషా దుకాణానికి ఫోన్ చేసింది. సీలు విప్పినది వాపసు తీసుకోబోమన్నారు. నడుస్తుందో లేదో చూపించమని పోచమ్మే విప్పించిందట.

"నన్నొక్క మాట అడుగకుండ ఎందుకు మార్చినవ్? నీకేం దెలుసని?"

పోచమ్మ ముఖం చిన్నబోయింది. "కడియాలు అమ్మి తెచ్చిన బిడ్డా."

"దీన్ని మోస్కొని పోతే నా చెయ్యి ఉండదు."

ఎండాకాలంలో ఆరాంఘర్ దగ్గర బస్సు దిగుతూ పడి మనీషా కుడిభుజం విరిగింది. కట్టు విప్పాక నయమైందనే తల్లికి చెప్పింది. బరువు మోస్తే ఆపరేషన్ తప్పదని దవాఖానలో డాక్టరు అన్న మాట దాచింది. తెలిస్తే ఉద్యోగానికి పోనివ్వదని భయపడింది. ఇప్పుడా మాటంతా కోపంలో కక్కేసింది.

పోచమ్మ నెమ్మదిగా అంది. "నొప్పేమో నువ్వు దాస్తివి. ఇగ నేను ఏం జూసి కొనాలె?"

పోచమ్మ ల్యాప్‌టాప్‌ను సంచిలో పెట్టి తన భుజానికి తగిలించుకుని గడప దాటింది. ఆమె ఎయిర్‌పోర్టు తోటల్లో గడ్డి తీసే కూలి. ఇవాళ పోకపోతే పనిలోంచి తీసేస్తారని మనీషా వెనకాలే వస్తూ బతిమాలింది. తల్లి వినిపించుకోలేదు.

బస్సు కిటకిటలాడుతోంది. పోచమ్మ సంచిని పొట్టకు హత్తుకుని నిలబడింది. అప్పుడు చూసింది మనీషా, కడియాలు లేని ఆ కాళ్లను. నొప్పి సంగతి ఒక్కమాట ముందే చెప్పి ఉంటే అవి పోయినా ఫలితం ఉండేది. క్షమించమని అడగబోతే ఏడుపొచ్చింది.

పోచమ్మ ఇటు జరిగి, కూతురి భుజానికి ఎవరూ తగలకుండా అడ్డంగా నిలబడింది.