ఖాట్మాండుల అగ్గువ రూం

బాగ్మతి నది ఒడ్డుకు ఒక పాత ఇటుకల ఇల్లున్నదట. శివరాత్రికి ఖాట్మాండు మొత్తం కిటకిటలాడుతది, మెట్ల కింద గూడ జాగ దొరకది... గా ఇంట్ల మాత్రం రూం దొరుకుతది. అగ్గువకు దొరుకుతది. ఎందుకు అగ్గువ అని అడిగినోళ్లు అండ్ల పండరు. పండినోళ్లు మళ్ల ఆ గల్లీల అడుగు పెట్టరు.

నేను చూడలె. నేను వేములాడ దాటి పోయిన మనిషిని కాదు. మా పక్కింటి నీల బీడీలు చుట్టుకుంట చెప్పింది. ఆమె మొగడు చంద్రమౌళి గూడ చెప్తడు గని, ఆయన చెప్పే కథల ఆయన మస్తు ధైర్యవంతుడు. ఆ మాటలు నమ్మకుండ్రి.

ముందుగాల ఒక సంగతి యాదికి పెట్టుకోండ్రి, ఎనుక పని పడ్తది. మా సిరిసిల్లల రాత్రి తలుపు కొడ్తే ఎవ్వలు తియ్యరు. కొట్టింది అన్నలైతే, అదే నక్సలైట్లైతే, బువ్వ పెట్టాలె. పెట్టినమా, తెల్లారి పోలీసులు వచ్చి బువ్వల కూరేందని అడుగుతరు. అందుకని పొద్దుగూకిందంటే మా వాడంత చెవిటిదే.

ఇగ కథ.

చంద్రమౌళికి నాలుగు సాంచెలున్నయి, బట్ట నేసే మరమగ్గాలు. ఆయన తల్లి పోశవ్వ. పోశవ్వకు ఒక ఆడిబిడ్డ ఉన్నది, కోరుట్ల సత్తవ్వ. సత్తవ్వ కొడుకు దుబాయిల ఉంటడు. ఆమె ఎప్పుడు వచ్చినా చేతులు ముక్కు కాడికి తెచ్చి, "చూడు వదినె, ఫారిన్ సబ్బు" అనేది. 

ఒకనాడు పోశవ్వ ఇగ ఓర్వలేక అన్నది: "కొడుకా, నన్ను ఫారిన్ తోల్కపో."

పాస్‌పోర్టు లేకుంట పోయే ఫారిన్ ఏదున్నదని చంద్రమౌళి నలుగురిని అడిగితే, నేపాల్ అన్నరు. పశుపతినాథుడున్నడు, పుణ్యం గూడ వస్తది. "శివరాత్రికి వేములాడ రాజన్న గిక్కడ్నే ఉండంగ గంత దూరమెందుకమ్మా" అంటే, "రాజన్న ఎటు పోతడు, వచ్చినంక మొక్కుత" అన్నది ముసల్ది.

పోశవ్వ గురించి ఇంకో మాట. ఆమె కొత్తగ రాత్రి బడిల చదువు నేర్చింది. కనవడ్డ ప్రతి బోర్డు చదివేది. గోడల మీద అన్నలు రాసిన ఎర్ర రాతలు గూడ బజాట్ల నిలవడి గొంతెత్తి చదివితే, చంద్రమౌళి నోరు మూసి ఇంట్లకు గుంజుకొచ్చేటోడు.

సరే, చంద్రమౌళి, నీల, ఆరేండ్ల బిడ్డ రజిత, పోశవ్వ — నలుగురు బయలెల్లిండ్రు. గోరఖ్‌పూర్ దాంక రైలు, ఆడికెంచి బస్సు, మళ్ల బస్సు. దిగేవరకు శివరాత్రి ముందటి సాయంత్రమైంది. చలి ఎముకలల్ల సొచ్చుతున్నది. పోశవ్వ రైలుల మస్తు నేర్చుకున్నది — జాగ పట్టుడు. లేవాలంటే తన మూట కూసున్న కాడ పెట్టి, మీద దుప్పటి కప్పి లేచేది. మన దిక్కు బస్సు కిటికిల నుంచి తువ్వాల ఏసినట్టే.

ఒక్క లాడ్జిల జాగ లేదు. ధర్మశాలల నిండ సాధువులే. ఒకడు మెట్ల కింద చూపిచ్చి పెద్ద రూం కిరాయి అడిగిండు. వొంగి చూస్తె ఆడ గూడ ఒక సాధువు పండుకోని ఉన్నడు. "ఆయన తెల్లారి లేస్తడు" అన్నడట లాడ్జోడు!

రజిత ఏడుపు, నీల గునుగుడు, పోశవ్వ దగ్గు. చంద్రమౌళికి దిక్కు తోచలె. తల్లికి గీ చలిల ఏమన్నయితే సుట్టాలకు ఏం మొఖం చూపెట్టాలె?

అప్పుడు దొరికింది ఆ ఇల్లు.

ఇంటాయన బేరం ఆడకముందే తగ్గిచ్చిండు. మా సిరిసిల్లల అడుగకుండ తగ్గిచ్చిండంటే బట్టల ఎక్కడ్నో చిరుగున్నట్టు లెక్క. కింద రూం వీళ్లకిచ్చిండు. వరండాలకెంచి పైకి మెట్లున్నయి. "పైకి పోవద్దు. తాళమున్నది" అన్నడు, అంతే.

కుంపట్లకు బొగ్గులు తెద్దామని చంద్రమౌళి సందు మలుపుల చాయ్ దుకాణానికి పోయిండు. ఆయనకు భివండిల పని చేసిన కాడికి హిందీ వస్తది. చాయ్ దుకాణపాయన అడిగిండు — ఎక్కడ దిగిండ్రని. చెప్పంగనే ఆయన చేతిల గిలాస ఆగింది.

"గా ఇంట్లనా... రాత్రి తలుపు కొడ్తది. ముసలమ్మ. నీ తల్లి గొంతుతోనే పిలుస్తది. ఏది అడిగినా పలుకకు. తలుపు మాత్రం... తియ్యకు."

చంద్రమౌళి ఉరికొచ్చిండు. రూంల కరెంటు లేదు, ఒక్క మైనం వత్తి. నీల గోడ దిక్కు మల్లి బిడ్డను జోకొడ్తున్నది. కుంపటి పక్కపొంటి అమ్మ ముసుగు తన్ని పండుకున్నది. నీల చెవిల గుసగుసగ అంత చెప్పిండు.

"అమ్మకు చెప్పకు. గుండె ఆగిపోతది."

మా దిక్కు దెయ్యానికి ఒక మందున్నది. తలుపు మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాస్తే, అది వచ్చి చదువుకోని, సరే రేపు వద్దామని మర్లిపోతది. రోజు వచ్చుడు, రోజు మర్లుడు. చంద్రమౌళి ఒక బొగ్గు తీస్కోని లేచిండు.

"నేపాల్ దెయ్యానికి తెలుగు వస్తదా?" అన్నది నీల.

"పశుపతికి మనం ఏ భాషల మొక్కుతమే? ఆయనకు అర్థమయినంక దీనికి గాదా?"

బయటకు పోయి ముందు సందు అటు చూసిండు, ఇటు చూసిండు. మా ఊర్లె గోడ మీద రాస్తే పోలీసులు ముందు చేతులిరిచి ఎనుక చదువుతరు. అది నేపాల్ అని ఆయనకు యాదికి రాలె. సందుల దీపం ఎలుగుకు గబగబ రాసిండు, బొగ్గు గడప మీద పారేసిండు, లోపలికి వచ్చి గడియ పెట్టిండు.

మైనం వత్తి ఆరింది.

కొద్దిసేపు ఏం లేదు. నది చప్పుడు... ఎక్కడ్నో గంట...

ఆ తర్వాత వరండాల అడుగులు.

టక్. టక్. టక్.

"చంద్రమౌళీ..."

నీల మొగని చెయ్యి పట్టుకున్నది. అచ్చం అత్త గొంతు!

"ఓరి చంద్రమౌళీ, తలుపు తియ్యిరా... చలి పెడ్తున్నది..."

"బాపూ," అన్నది రజిత నిద్రల, "బాపమ్మ బయట ఉన్నది."

"నోరు మూసుకో బిడ్డా. బాపమ్మ గీన్నే పండుకున్నది. అది బాపమ్మ కాదు."

"అత్తమ్మ గొంతే కదయ్యా..." అన్నది నీల.

"గొంతు అమ్మదే ఉంటది. గదే దాని పని!"

తలుపు ఇంకింత గట్టిగ మోగింది. "అరేయ్! తీస్తవా, నువ్వు పెండ్లీడుకు వచ్చేదాంక పక్కల పోసుకున్న ముచ్చట నీ పెండ్లానికి చెప్పాల్నా?"

"అమ్మో!" అన్నడు చంద్రమౌళి దుప్పట్ల నుంచి. "దీనికి అన్ని ఎరుకే!"

నీలకు అంత భయంల గూడ నవ్వచ్చిందట. గని మొగని మీద జాలితోని ఆపుకున్నది.

బయట గొంతు ఆగింది.  తర్వాత — మెల్లగ, ఒక్కొక్క అక్షరం చదివినట్టు — ఏదో గొణుగుడు. 

ఆ తర్వాత తలుపు మీద...

గర్ర్... గర్ర్... గర్ర్...

"గోర్లు," అన్నడు చంద్రమౌళి.  "గోర్లతోని గీకుతున్నది..."

గీకుడు శానాసేపు సాగింది. ఆగింది. అడుగులు మెట్లెక్కినయి. పైన ఎక్కడ్నో తలుపు కిర్రుమన్నది... ఎనుక ఇద్దరు ఆడోళ్ల మాటలు. ఇద్దరు! నడుమ నడుమ నవ్వులు. చంద్రమౌళి చెవులల్ల ఏళ్లు పెట్టుకోని, రాజన్నా, గండం గట్టెక్కితే నీ గుడిల కోడెను కట్టేస్తనని మొక్కుకున్నడు. తెల్లందాంక ఎవ్వలు కన్ను ముయ్యలె, రజిత తప్ప.

తెల్లారింది. "అమ్మా, లే. పోదాం గీడికెంచి" అని చంద్రమౌళి దుప్పటి గుంజిండు.

దుప్పటి కింద మూట ఉన్నది.

జాగ పట్టిన మూట! అమ్మ లేదు.

"నేను చెప్పిన గద బాపూ," అన్నది రజిత. "బాపమ్మ బయటికి పోతనని నాకు చెప్పి పోయింది."

చంద్రమౌళి మొఖం చూడలేకపోయిన, అన్నది నీల. కన్నతల్లిని గడ్డకట్టే చలిల రాత్రంత బయట ఉంచిండు. పిలుస్తే పలుకలె. "అమ్మా... అమ్మా!" అని తలుపు తీసిండు. గడప మీద ఎవ్వలు లేరు. తలుపు మీద ఆయన రాత ఉన్నది — ఓ స్త్రీ రేపు రా. దాని కింద, రాత్రి బడిల ఉత్తరం రాసుడు నేర్పిన తీరుగనే, బొగ్గుతోని వంకర అక్షరాలు:

"రేపు రాను. ఎన్నడు రాను. తల్లిని స్త్రీ అంటవా. ఇట్లు, నీ తల్లి, పోశవ్వ, సిరిసిల్ల, కరీంనగర్ జిల్లా."

ఆయన అక్కడ్నే కూలవడి బోరున ఏడ్చిండు.

"ఏంది ఆ ఏడుపు? నేనేమన్న సచ్చిన్నా?"

మెట్ల మీదికెంచి పోశవ్వ దిగుతున్నది. నోట్లె బీడీ. మొఖం ఎర్రగ, ఎచ్చగ ఉన్నది. చంద్రమౌళి ఉరికి కాళ్లు పట్టుకున్నడు. తిడుదామనే దిగిందట గని, కొడుకు కండ్లు చూసినంక నెత్తి మీద ఒక్కటి చరిచి ఊకున్నది.

"పైన ముసలామె పిలిచింది. మంట పెట్టింది, కంబలి ఇచ్చింది. రాత్రంత ముచ్చట పెట్టుకున్నం."

"ఏ భాషల అత్తమ్మా?"

"ఆమె మాట నాకు రాదు, నా మాట ఆమెకు రాదు. ఇద్దరం కొడుకులను తిట్టుకున్నం. దానికి భాష ఏంటికే?"

అప్పుడే వచ్చిన ఇంటాయన గిదంత చంద్రమౌళి నోట విన్నడు.  నలుగురిని పైకి తోల్కపోయిండు. తాళం తుప్పు పట్టి ఉన్నది, తీసుడు గూడ కష్టమైంది. లోపల మంట లేదు, కంబలి లేదు. నేల మీద మందంగ దుమ్ము, ఒక్క అడుగు జాడ లేదు.

కిటికి గూట్లె మాత్రం రెండు బీడీ తుంటలు. పక్కపక్కన.

నీల చేతిలకు తీస్కోని చూసింది. అత్త చుట్టినయే. మా బీడీ దారం ముడి మాకు తెల్వదా? పోశవ్వ ఒక్కటి తాగింది. ఇంకోటి...

ఇంటాయన మెల్లగ చెప్పిండు. పైన ముసలామె ఆయన తాతకు తల్లి. ఒక శివరాత్రి గుడికెంచి రాత్రయినంక వచ్చింది. కొడుకు నిద్రల తలుపు తియ్యలె. తెల్లారి గడప మీదనే చలికి సచ్చి పడి ఉన్నది. అప్పటికెంచి తలుపు కొడ్తనే ఉన్నది, ఇన్నేండ్లల్ల ఎవ్వలు తియ్యలె.

పోశవ్వ తుంటలు తీస్కోని మళ్ల గూట్లె పెట్టింది.

"దెయ్యమైతె ఏందట?" అన్నది. "నాకు తలుపు తీసింది."

గంతే నీల చెప్పిన కథ. ఇగ నేను చూసింది చెప్త.

ఇంటికొచ్చినంక చంద్రమౌళి తలుపుకు గడియ పెట్టుడు బంద్ చేసిండు. ఒకనాడు రాత్రి పోలీసులు కొడ్తే మొదటి దెబ్బకే "వచ్చినవా అమ్మా" అని తీసిండు. సిరిసిల్లల ఒక్క కొట్టుడుకు తలుపు తెరుచుడు చూసి వాళ్లే భయపడి, వీనింటికి అన్నలు వస్తున్నరని ఠాణాకు తోల్కపోయిండ్రు. నేపాల్ కథంత విని తెల్లారి ఇడిచిపెట్టిండ్రు. ఎస్సై నవ్వలేక సచ్చిండట.

అదంత సరే గని... పోయిన చలికాలంకెంచి నేను పొద్దుగాల వాకిలి ఊడుస్తుంటే, వాళ్ల అరుగు మీద రెండు బీడీ తుంటలు కనవడుతున్నయి. పక్కపక్కన. రాత్రి ఎప్పుడన్న మెలుకువైతే పోశవ్వ మాట ఇనవడుతది, నడుమ నడుమ ఇంకేదో భాష, నవ్వులు.

నిన్న ధైర్యం చేసి అడిగిన. "పెద్దవ్వా, ఎవలొచ్చిండ్రు?"

"నా ఫారిన్ సుట్టం," అన్నది పోశవ్వ, మా అరుగు మీద కూసోని. "ఆ కోరుట్ల సత్తవ్వకు చెప్పు. ఉత్త సబ్బు కాదు, మనిషే వచ్చిందని."

 లేచి లోపలికి పోబోయిన. ముసల్ది నా కొంగు పట్టుకున్నది.

"ఆగు పొల్లా. ఎల్లుండి శివరాత్రాయె. వేములాడల లాడ్జిలు దొరుకయి గదా... ఆమె తరఫోళ్లు ఇంకింతమంది వస్తున్నరట. మీ ఇంట్ల ఎనుక రూం ఖాళీనే ఉన్నది గదా?"