కోళ్లగంపలో ప్రోటీను

"నీ ప్రోటీనుని మా అయ్య అమ్మేసినాడు సారూ," అంది భాను, శుక్రవారం సంతలో జామకాయ కొరుకుతూ.

కామేష్ బేరం వదిలేసి ఇటు తిరిగాడు. "అమ్మేశారా? ఎవరికి?"

"మా తవిటమ్మ పిన్నికి. నేను టీకి ఎల్లొచ్చేలోగా కోళ్లగంపనుకుని ఇచ్చేసినాడు. మరి దానికి గుమ్మం కూడా ఉందాయె."

అది గుమ్మం కాదు. ఎనిమిది నెలలుగా కామేష్ నిద్ర చెడగొట్టిన సందు. కాఫీ ఆకులకు తుప్పు తెగులు తెచ్చే బూజులో ఒక ప్రోటీను ఉంది. పూసలదండ లాంటి ఆ అణువు ఎలా ముడుచుకుంటుందో కంప్యూటరు చేత ఊహింపజేయడం అతని పని. ఆకారం తెలిస్తే, ఆ సందులో ఇరుక్కుని తెగులును ఆపే మందు వెతకొచ్చు.

కంప్యూటరు అయిదు ఆకారాలు ఊహించింది, వాటిలో మొదటిదాన్నే కామేష్ ఎంచుకున్నాడు. నమ్మకమున్న చోట అది నీలం రంగు వేస్తుంది, అనుమానమున్న చోట నారింజ. పక్కన శాతం కూడా చెబుతుంది. ఆ జబ్బు కామేష్‌కీ అంటుకుంది. టీ బాగుందా అంటే డెబ్భై ఎనిమిది అంటాడు.

రేపు విశాఖ నుంచి ప్రసన్న మేడమ్ ప్రాజెక్టు చూడ్డానికొస్తున్నారు. అరకులో కరెంటుని నమ్మి ఆవిడకి స్క్రీన్ చూపించలేక, ఆ ఆకారాన్ని వెదురుతో అల్లిపెట్టమని, గంపలల్లే భానుని అడిగాడు. ఆమె అల్లిన పన్నెండు రోజులూ వాళ్ల అరుగు మీదే కూర్చున్నాడు. పని చూడ్డానికన్నాడు గానీ, ఊళ్లో ఒక్కరూ నమ్మలేదు.

మేడమ్‌కి నచ్చకపోతే ప్రాజెక్టు మూసేస్తారు. మూసేస్తే సొంతూరు రాజాం బస్సెక్కాలి. రాజాంలో అన్నీ ఉన్నాయి, భాను లేదు.

ఇద్దరూ తవిటమ్మ పెరట్లోకి పరిగెత్తేసరికే ప్రోటీనులో ఒక ఎర్రపెట్ట పదకొండు గుడ్ల మీద కూర్చుని ఉంది.

"పిన్నీ, ఇది సైన్సు!" అన్నాడు కామేష్.

"అయితే ఏటి? పొదుగుడు పెట్టని లేపుతారేటి బాబూ? ఇరవయ్యొక్క రోజులాగి రా."

"అన్నాళ్లు మేడమ్ ఆగరు."

"అయితే ఆవిణ్ణే ఇక్కడికి తే," అంది తవిటమ్మ, బియ్యం చెరుగుతూ.

తెచ్చాడు. వేరే దారి లేదు. మర్నాడు కిరండూల్ రైలు దిగిన ప్రసన్న మేడమ్ ముత్యాల దండతో, ఫైలుతో వచ్చి పెరట్లో పీట మీద కూర్చున్నారు. సన్నగా వాన. కామేష్ గొడుగు కోడికి పట్టాడు.

"ఇదేమిటి?"

"ప్రోటీను మేడమ్."

"లోపల?"

"అది... తాత్కాలికంగా ఉంది మేడమ్."

మేడమ్ వంగి చూశారు. పెట్ట ఆవిడ వేలు పొడిచింది. ఆవిడ అది పట్టించుకోకుండా ఫైలు తిప్పారు. "నీ మొదటి మోడల్లో ఈ సందు మూసుకుపోయి ఉంది. ఇక్కడ ఏకంగా కోడి దూరింది. ఎలా?"

కామేష్ కూడా వంగి చూశాడు. భాను ముందుకొచ్చింది.

"సార్ ఇచ్చిన కాయితంలో అయిదు బొమ్మలున్నాయి మేడమ్. ఒకటోది అల్లితే ఆ నారింజ మలుపు కాడ ఎదురుబద్ద రెండుసార్లు ఇరిగిపోయింది. అందుకని మూడోది అల్లినాను."

"నాకు చెప్పలేదేం?" అన్నాడు కామేష్.

"నీ కళ్లెదుటే కదా అల్లినాను? పన్నెండు రోజులు ఏటి సూసినావు?"

కామేష్ చూశాడు. గంపను మాత్రం చూడలేదు. తవిటమ్మ కిసుక్కుమంది.

మేడమ్ కళ్లజోడు తుడుచుకున్నారు. "కోడి దూరిందని పేపర్ రాయలేం. కానీ అనుమానమని కంప్యూటరే చెప్పిన చోట, మిగతా నాలుగు మోడల్స్‌నీ నువ్వు పరీక్షించకపోవడం తప్పు. మూడోదాన్ని ల్యాబులో తేల్చు. ఆరు నెలలు పొడిగిస్తున్నాను."

మేడమ్‌ని రైలెక్కించి వస్తుంటే వాన పెరిగింది. ఒకే గొడుగు, అదీ కోడి దగ్గరే ఉండిపోయింది.

"ఆరు నెలలు ఏటి సేత్తావు సారూ?"

"ల్యాబు పని," అని, ఆగిపోయాడు. "నువ్వంటే నాకిష్టం భానూ. తొంభై నాలుగు శాతం."

భాను తడిసిన జడ పిండుకుంది. "మిగతా ఆరు?"

"మీ అయ్య ఒప్పుకోరేమోనని."

"అది మా అయ్యంటే బయం. దాన్ని నా మీద ఇష్టంలో కలుపుతావేటి? నడు, బేగి ఎల్లి అయ్యనే అడుగు."

భాను అయ్య గాసి అరుగు మీద వెదురు చీలుస్తున్నాడు. చేతిలో కత్తి. తడిసి ముద్దయిన కామేష్ చేతులు కట్టుకుని చెప్పాల్సింది చెప్పేశాడు. గాసి కత్తి దించలేదు.

"నువ్వు దేనికైనా నూటికింత అని సెప్తావంట గదా బాబూ. మా గుంట భాను మీద ఇష్టమెంత?"

తలుపు వెనక భాను గాజులు చప్పుడాపేశాయి. కామేష్ తొంభై నాలుగు అనబోయి మానేశాడు. ఎంత వెతికినా అంకె దొరకలేదు.

"దీనికి లెక్క కట్టలేనండి," అన్నాడు.

గాసి అతన్ని కింద నుంచి పైదాకా చూశాడు. కత్తి పక్కన పెట్టి, పొడవాటి వెదురుబద్ద కొస చేతికిచ్చాడు.

"అయితే ఇది అట్టుకో. తవిటమ్మ గంప సూసి ఇంకో నలుగురు అలాటిదే కావాలంతన్నారు. మీ కంప్యూటర్లో ఇంకేటేటి బొమ్మలున్నాయో తే."

కామేష్ కొస పట్టుకున్నాడు. భాను తలుపు వెనక నుంచి వచ్చి, రెండో కొస పట్టుకుంది.