అంతా బాగుంది, మేస్త్రీ

ఆ ఇంట్లో పొద్దున్నే అందరికంటే ముందు లేచేది సొలెదాద్ దగ్గు. దగ్గు లేచాక సొలెదాద్ లేస్తుంది. ఆవిడ లేచాక వంటగదిలో లైటు వెలుగుతుంది, కోడలు హెర్లిండా మొక్కజొన్న రొట్టెలు తట్టే చప్పుడుకి మిగతా ఇల్లు కదులుతుంది. ఆ శుక్రవారం కూడా అలాగే తెల్లవారింది. పెనం మీద రొట్టె పొంగుతోంది, దాల్చినచెక్క వేసిన కాఫీ కాగుతోంది, సొలెదాద్ కొడుకు నికనోర్ సొరుగులన్నీ లాగి పడేస్తున్నాడు.

"నా వంకర కత్తి ఏదే?"

"కాఫీ డబ్బా వెనకాల. పిల్ల ముట్టుకుంటుందని పోయినేడు నువ్వే దాచావు," అంది హెర్లిండా.

నికనోర్ పై అరలోని కత్తిని ఎడమ చేత్తో అందుకున్నాడు. అతనిది కుడిచేతి వాటం. హెర్లిండా చూసింది, మళ్ళీ రొట్టె తట్టసాగింది.

"సోమవారం నుంచి ద్రాక్ష కోత. మేస్త్రీ ఫోన్ చేశాడు. మన జంటని ఖాయం చేసుకున్నాడు."

పిండిముద్ద ఆమె చేతిలోనే ఆగిపోయింది. "నన్ను కూడానా?"

"జంట అంటే ఒక్కడా మరి?"

కిస్‌మిస్ తోటల్లో పని జంటలుగానే సాగుతుంది. ఒకరు తీగ కింద దూరి గుత్తులు కోస్తారు. ఇంకొకరు సాళ్ళ మధ్య ఇసుక నేల మీద కాగితాలు పరిచి వాటిని పలచగా సర్దుతారు. ఆ తర్వాత సంగతి ఎండ చూసుకుంటుంది. పెళ్ళయిన ఏడాది నుంచీ నికనోర్ కోస్తాడు, హెర్లిండా పరుస్తుంది. చేయి తిరిగిన జంట అని చుట్టుపక్కల తోటలన్నిటా పేరు. ఆ పేరంటే నికనోర్‌కి తన మీసం మీదకన్నా ఎక్కువ మోజు.

అయితే ఈ వేసవిలో హెర్లిండా స్కూలు బస్సు నడపడం నేర్చుకోవడానికి పట్నంలో చేరింది. తోట కూలీల కోసం ఓ స్వచ్ఛంద సంస్థ నడిపే శిక్షణ కేంద్రం అది. వాళ్ళు ఫీజు అడగలేదు సరికదా, వచ్చిపోవడానికి పెట్రోలు కూపన్లిచ్చారు, గట్టి బూట్లు కొనిచ్చారు, ఆరేళ్ళ కూతురు యాదీరాని బడి లేని వేళల్లో పక్క గదిలో ఆడించి అన్నం పెట్టారు. ఊరికే ఇస్తున్నారంటే సొలెదాద్‌కి నమ్మకం కుదరలేదు. "ఇవాళ బూట్లిచ్చినవాళ్ళు రేపు కాళ్ళడుగుతారు," అని గొణిగింది. వాళ్ళే ఆవిడ దగ్గుకి డాక్టర్ని చూపించాక, "మంచివాళ్ళేలే, కాస్త మాటలెక్కువ," అని తీర్పు మార్చింది.

"కోతలోపు అయిపోతుందన్నావు," అన్నాడు నికనోర్ కాఫీ ఊదుకుంటూ.

"ఇవాళ కేంద్రంలో ఆఖరి పరీక్ష. ఇది గట్టెక్కితే తర్వాతెప్పుడో ప్రభుత్వ పరీక్షకి పంపిస్తారు. సోమవారం నీతో తోటకొచ్చేస్తాను."

"గట్టెక్కకపోతే?"

"నోరు కడుక్కో ముందు!" అంది సొలెదాద్. "పొద్దున్నే ఆ అపశకునపు మాటలేమిట్రా?"

*

గట్టెక్కలేదు.

బండి నడపడంలో హెర్లిండాకి తిరుగు లేదు. చిక్కంతా బండి కదలకముందే వచ్చింది. డ్రైవరు బస్సు చుట్టూ తిరిగి టైర్లు, నట్లు, దీపాలు, అద్దాలు అన్నీ తడిమి చూడాలి. ఏది బాగుందో ఏది బాగాలేదో గట్టిగా పైకి చెప్పాలి. శిక్షణ ఇచ్చే బల్తసార్ మాస్టారు ఆ పొద్దున కావాలనే ఓ చక్రం నట్టు కింద గోధుమరంగుతో తుప్పు చార గీసిపెట్టాడు. నట్టు వదులైందనడానికి అది గుర్తు. హెర్లిండాకి ఆ చార కనిపించింది. దాని మీద వేలు కూడా పెట్టింది.

"అంతా బాగుందా?" అన్నాడు మాస్టారు, టోపీ కిందికి లాక్కుని, నడుం మీద చేతులేసుకుని.

ఆ టోపీ, ఆ చేతులు, ఆ ప్రశ్న, అన్నీ తోటలో మేస్త్రీవే అనిపించి ఆమె వీపు దానంతటదే నిటారైంది.

"అంతా బాగుంది, మాస్టారూ."

"ఆ నట్టు కింద చార కనిపించలేదూ?"

"కనిపించింది."

"కనిపించిందా! మరి నోరెందుకు పెగల్లేదమ్మా?"

ఆమె తల దించుకుంది. మాస్టారు టోపీ తీసి తల గోక్కున్నాడు.

"నాకు తెలుసులే. నేనూ లెట్యూస్ ఆకుకూర కోసి కోసి నడుం వంచుకున్నవాణ్ణే. మేస్త్రీ అడిగితే 'అంతా బాగుంది' తప్ప మనకింకో జవాబు రాదు. బాగోలేదన్నవాణ్ణి మర్నాడు పిలవరు గదా. కానీ అమ్మా, ఈ బండిలో కూర్చునేది పిల్లలు. సోమవారం పొద్దున ఇంకొక్కసారి పెడతాను. అదీ పోతే మళ్ళీ వసంతంలోనే."

*

ఆమె ఇంటికి వచ్చేసరికి నికనోర్ పెరట్లో కత్తి సానపెడుతున్నాడు. తప్పానని చెప్పింది. అతని ముఖంలో తేలిక కనిపించింది. దాచుకుందామనుకున్నాడు గాని అతనికి చేతకాలేదు.

"పోనీలే. మనకి రాసిపెట్టి లేదనుకో. సోమవారం..."

"సోమవారం మళ్ళీ పరీక్ష."

"సోమవారం కోత!"

"తెలుసు."

"తెలిసి అంటున్నావా? నేనొక్కణ్ణే కోసి, నేనొక్కణ్ణే పరుచుకోనా? మేస్త్రీకి ఏమని చెప్పను? మా ఆవిడ బస్సులాట ఆడుకోడానికి పోయిందని చెప్పనా?"

"చెప్పు. అదే చెప్పు."

"ఎంత తేలిగ్గా అంటున్నావే! మన సాలు ఇంకో జంటకిస్తాడు. ఆ తర్వాత దానిమ్మకి పిలవడు, నారింజకి పిలవడు. నలుగురిలో నా పరువేం కాను?"

"ఆ భయమే నా కొంప ముంచింది ఇవాళ," అంది హెర్లిండా. "నట్టు వదులైందని కళ్ళారా చూసి కూడా అంతా బాగుందన్నాను. పోయినేడు కందిరీగ నా చొక్కాలో దూరి కుడుతుంటే మేస్త్రీ వచ్చి అంతా బాగుందా అన్నాడు, గుర్తుందా? నవ్వుతూ బాగుందన్నాను. పక్కన నువ్వూ నవ్వావు. తోటలో అబద్ధమాడి ఆడి, ఇంట్లోనూ అదే అలవాటైపోయింది మనకి. నీ కుడి భుజం పైకి లేచి ఏడాదవుతోంది. నేను చూడట్లేదనుకున్నావా? చొక్కా తొడుక్కోడానికి గోడకి ఆనుకుంటావు. పిల్లని ఎత్తుకోవడం మానేశావు. అడిగితే..."

"నా భుజానికేం? అంతా బాగుంది!"

అనేశాక తన మాట తనకే వినబడి నికనోర్ నోరు మూశాడు.

గుమ్మంలో కూర్చుని చిక్కుడుగింజలు ఏరుతున్న సొలెదాద్ తలెత్తకుండానే అంది. "అచ్చం వాళ్ళ నాన్న. ఆ మహానుభావుడూ అంతే. నిమ్మతోటలో నిచ్చెన మెట్టు విరిగిందని తెలిసి కూడా, మేస్త్రీ అడిగితే అంతా బాగుందంటూ ఎక్కాడు. ఎక్కడం మెట్టు మెట్టుగా ఎక్కాడుగానీ, దిగడం మాత్రం ఒక్కసారే దిగాడు."

నికనోర్ కత్తిని బకెట్లో పడేసి, తన పాత ట్రక్కు ఎక్కి వెళ్ళిపోయాడు. చీకటి పడకముందే వచ్చి, తిని పడుకున్నాడు. శనివారమంతా ఆ ఇంట్లో యాదీరా తప్ప ఎవరూ పెద్దగా నోరు విప్పలేదు.

*

ఆదివారం చర్చి నుంచి వచ్చాక హెర్లిండా బట్టలు ఆరేస్తుంటే, నికనోర్ ట్రక్కు పక్కన నిలబడి పిలిచాడు. హెర్లిండా ఇంట్లో రోజూ చెప్పే మాస్టారిలాగే టోపీ కిందికి లాక్కుని, చేతులు నడుం మీద పెట్టుకుని ఉన్నాడు.

"రావమ్మా. నేను మాస్టార్ని. అంతా బాగుందా?"

ఆమెకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తడిచేతులు తుడుచుకుని వెళ్ళి ట్రక్కు చుట్టూ నడవడం మొదలుపెట్టింది.

"ముందు ఎడమ టైరు, అరిగిపోయింది. బాగోలేదు. కుడి దీపం, పగిలింది. బాగోలేదు. పక్క అద్దం, తీగతో కట్టి ఉంది. బాగోలేదు."

"ఏయ్, ఆ తీగ గట్టిదే!"

"మాస్టారు మధ్యలో మాట్లాడకూడదు."

యాదీరా పకపకా నవ్వింది. హెర్లిండా ఒక్కో భాగమూ తడుముతూ, ఒక్కో లోపమూ ముందుదానికన్నా గట్టిగా చెబుతూ తిరిగి తిరిగి అతని ఎదుటికి వచ్చి ఆగింది. అతని కుడి భుజం మీద చెయ్యి వేసింది.

"భుజం. పైకి లేవడం లేదు." చెయ్యి తీసేసింది. "ఇది నేను చెప్పకూడదు. నువ్వే చెప్పాలి."

నికనోర్ టోపీ తీశాడు. కూతురి వైపు, తల్లి వైపు చూశాడు.

"బాగోలేదు," అన్నాడు. "పోయిన కోత నుంచీ బాగోలేదు. నిద్ర పట్టనివ్వదు. ఈ ఏడు ఎలా కొయ్యాలో నాకు తెలీదు హెర్లీ. ఇంకోటుంది... అది ఇంకా బాగోలేదు."

"చెప్పు."

"నువ్వు పైన సీట్లో కూర్చుంటావు. నేను తీగ కింద మట్టిలో మోకాళ్ళ మీదుంటాను. ఇంక మనం జంటెలా అవుతాం? రేపు రోడ్డు మీంచి పోతూ ఈ మట్టిమనిషెవడో నాకు తెలీదంటావేమోనని..."

"పిచ్చిమొహమా!" హెర్లిండా అతని చొక్కా పట్టుకుని ఏడ్చేసింది. "నీ భుజం పూర్తిగా పోకముందే ఇంకో దారి వెతకాలని కదా నేను పోయింది! ఆ మాట అంటే నీ మనసు నొచ్చుకుంటుందని చెప్పలేదు. నేనూ బాగుంది బాగుందంటూనే వచ్చాను."

ఇద్దరూ అక్కడే నిలబడి ఏడ్చారు. సొలెదాద్ కూడా కొంగుకి బదులు చేతిలో ఉన్న పొయ్యిగుడ్డతో కళ్ళొత్తుకుంది. ఆ తర్వాత గొంతు సవరించుకుని, "ఏడుపులయ్యాక ఎవరైనా ఆ టైరు మార్చండి. రేపు పరీక్షకి పోయేది అందులోనేగా," అంది.

*

సోమవారం వెలుగురేఖలు రాకముందే మేస్త్రీ నుంచి ఫోన్ వచ్చింది.

"ఏం నికనోర్, బయల్దేరారా? అంతా బాగుందా?"

హెర్లిండా బూట్ల తాళ్ళు కట్టుకుంటూ ఆగిపోయింది. నికనోర్ నోరు అలవాటు చొప్పున 'అం...' అనబోయింది. అతను ఆ మాట మింగేశాడు.

"లేదు మేస్త్రీ. బాగోలేదు."

ఆ మాట విని మేస్త్రీకి ఎన్నేళ్ళయిందో.

"నా కుడి భుజం పనిచెయ్యట్లేదు. ఇవాళ మా ఆవిడకి పరీక్ష, నేనే తీసుకెళ్తున్నాను. మీరు రమ్మంటే రేపు వస్తాం. రేపటి నుంచి ఆవిడ కోస్తుంది, నేను పరుస్తాను."

"మగాడివి, కాగితాలు పరుస్తావా?"

"పరుస్తాను."

"జనం నవ్వుతారురా."

"నవ్వనీండి. వాళ్ళ నవ్వుకి నా భుజం నొప్పెట్టదు."

"సరే," అన్నాడు మేస్త్రీ చివరికి. "రేపు చీకట్నే రండి. ఆలస్యమైతే మాత్రం సాలు ఇంకొకరికిస్తాను."

ఆ పొద్దున హెర్లిండా గొంతు కేంద్రం గేటు దాటి రోడ్డు దాకా వినిపించింది. వదులైన నట్టు చెప్పింది, పగిలిన అద్దం చెప్పింది. పనిలో పనిగా మాస్టారి బూటు తాడు ఊడిందని కూడా చెప్పింది. "చాలమ్మా, చాలు, గట్టెక్కావు!" అని ఆయన చెవులు మూసుకున్నాడు.

కోతలో జనం నవ్వారు. 'నికనోరమ్మా, కాగితం వంకరగా పడింది' అని పాటలు కట్టారు. నికనోర్ పరిచిన కాగితాలు నిజంగానే వంకరగా పడ్డాయి, మొదటి వారమంతా హెర్లిండా చేత తిట్లు తిన్నాడు. కేంద్రం వాళ్ళు అతని భుజానికి వైద్యం ఇప్పించారు, చలికాలంలో డ్రిప్పు గొట్టాలు బాగుచేసే తరగతిలో చేరమన్నారు. చూద్దాంలే అన్నాడు. అతను చూద్దాంలే అంటే చేరినట్టేనని సొలెదాద్ ఇరుగుపొరుగుకి చెప్పుకుంది.

కిస్‌మిస్ గోనెలకెక్కాక, పొగమంచు మొదలైన ఓ పొద్దున, ప్రభుత్వ పరీక్ష కూడా గట్టెక్కిన హెర్లిండా మొదటిసారి సొంతంగా బస్సు తీసింది. చూడ్డానికి ఇల్లంతా వచ్చింది. ఆమె పసుప్పచ్చ బస్సు చుట్టూ తిరుగుతూ టైర్లు బాగున్నాయి, నట్లు బాగున్నాయి, దీపాలు బాగున్నాయి అని గట్టిగా చెబుతోంది. తిరిగి తిరిగి తలుపు దగ్గర, యాదీరా చెయ్యి పట్టుకుని నిలబడ్డ మొగుడి ముందు ఆగింది.

"మొగుడు. కళ్ళు కారుతున్నాయి."

"దుమ్ము పడిందిలే," అన్నాడు నికనోర్ ముఖం తిప్పుకుంటూ. వెంటనే తల అడ్డంగా ఊపాడు.

"కాదు. దుమ్ము కాదు. ఏడుపే."