ఎడమ స్పీకరు వెనక

ఆవడిలో లోకల్ రైలెక్కిన మునియప్ప తిరువళ్ళూరులో దిగలేదు. కిటికీకి తల ఆనించి నిద్రపోతున్నవాడిలాగే ఉన్నాడు. టికెట్ కలెక్టర్ భుజం తట్టేసరికి పక్కకు ఒరిగిపోయాడు. మెడ వెనక సూది దిగినంత గాయం. యుద్ధ ట్యాంకుల ఫ్యాక్టరీలో డ్రాయింగులు గీసే మునియప్ప మన వేగు అన్న సంగతి గూఢచారి డిపార్ట్‌మెంటులో ఇద్దరికే తెలుసు.

ఆ ఇద్దరూ మర్నాడు ఉదయం తిరువళ్ళూరు బజారులో ఒక కారు రేడియో షాపు వెనక గదిలో కలిశారు. ఒకరు చీఫ్ వరదయ్య. రెండోవాడు ఏజెంట్ రత్నస్వామి. వారం రోజులుగా నూనె మరకల ఖాకీ చొక్కా తొడుక్కుని ఆ షాపులో ఫిట్టరుగా పనిచేస్తున్నాడు.

"డ్రాయింగుల ఫిల్ము ఫ్యాక్టరీ దాటింది," అన్నాడు వరదయ్య. "ఎల్లుండి రేణిగుంటలో విదేశీ ముఠా చేతికి పోతాది. తీసుకుపోయేది కోకిల అనే ఆమె. క్రీమ్ కలరు ఫియట్టు. అందులో ఎవరికీ కనపడకుండా స్టీరియో పెట్టించుకోను ఈ పొద్దు ఇక్కడికే వస్తాది."

"స్టీరియో ఎందుకు సార్?"

"ఆవడి నించి వచ్చే రోడ్లలో పోలీసోళ్ళు కార్లన్నీ సోదా చేస్తా ఉండారు. లైనింగు వెనక వైరు కనిపించినా, పాటల పిచ్చి అని నవ్వేస్తాది. ఫిల్ము ఆ పాటల వెనక ఉంటాది."

"ఇప్పుడే పట్టుకుంటే?"

"ఫిల్ము ఇంకా కారెక్కలేదు. ఎక్కినంక పట్టుకోవాల." వరదయ్య గొంతు తగ్గించాడు. "ఇంకోటి. ముఠా లోపలి నించి మునియప్పకు వార్తలు చెప్పే మనిషి ఒకరు ఉండారు. ఎవరో నాకు చెప్పలేదు. 'తణిగ బస్సు పోయిందా' అంటే 'డ్రైవరు కాఫీ తాగతా ఉండాడు' అంటారు. కానీ మునియప్పను చంపే ముందు వాళ్ళు ఆ మాట కూడా రాబట్టినారేమో. ఎవరు చెప్పినా నమ్మొద్దు."

పదింటికి ఫియట్ వచ్చి ఆగింది. లేత పసుపు షిఫాన్ చీర, నల్ల కళ్ళద్దాలు. కోకిల దిగగానే బజారు ఒక్క క్షణం నిలిచిపోయింది. స్టీరింగ్ ముందు మందపాటి మెడతో ఆమె డ్రైవరు తంగరాజు.

"అన్నా, బయటికి ఒక్క తీగ కనపడకూడదు," అంది కోకిల. "పాట వినపడాల, పెట్టె యాడుండాదో తెలియకూడదు."

రత్నస్వామి బానెట్ ఎత్తి, తల వంచుకునే అడిగాడు. "తణిగ బస్సు పోయిందామ్మా?"

ఆమె తడుముకోలేదు. "డ్రైవరు కాఫీ తాగతా ఉండాడు."

రత్నస్వామి నట్టు బిగిస్తూ ఆలోచించాడు. ఈమె మన మనిషా? మునియప్పను చంపి ఆ మాట లాక్కున్నవాళ్ళ మనిషా? అడగడానికి వీల్లేదు. తంగరాజు కదలకుండా చూస్తున్నాడు.

రెండు రోజులు రత్నస్వామికి కుదురు లేదు. తీగ కత్తిరిస్తాడు, లేచి బజారు చూస్తాడు, మళ్ళీ కూర్చుంటాడు. అయినా చేతులు తమ పని చేశాయి. క్యాసెట్ డెక్కును గ్లవ్ బాక్సులో దొంగ పలక వెనక బిగించాడు. ఆంప్లిఫయర్ సీటు కింద. ముందు తలుపుల రెక్సిన్ వెనక రెండు స్పీకర్లు, వెనక అద్దం కింది పలకలో రెండు. స్టీరియోకు కరెంటు బ్యాటరీ నుంచి నేరుగా ఇచ్చాడు. ఎవరూ అడగని పని ఇంకొకటి చేశాడు. ఇంజను తీగనొకదాన్ని వెనక సీటు దగ్గర కార్పెట్ కిందికి లాగి ఒక బటన్ పెట్టాడు. కాలితో నొక్కితే ఇంజను ఆగిపోతుంది.

మూడో రోజు ఉదయం తంగరాజు పెట్రోలుకని కారు తీసుకుపోయి అరగంటకు వచ్చాడు. "నువ్వూ ఎక్కు. దోవలో పాట నిలిచిపోతే ఎవడు చూస్తాడు?"

రత్నస్వామి వెనక సీట్లో కూర్చున్నాడు. కోకిల ముందు కూర్చుని నాదస్వరం క్యాసెట్ పెట్టింది. పొద్దున్న తాను వినగా నాలుగు మూలలా ఒకేలా పలికిన తవిలు డోలు ఇప్పుడు ఎడమ వెనక మూల గొంతు నొక్కినట్టు మోగుతోంది. ఆ స్పీకరు వెనక ఏదో కూరారు. ఫిల్ము కారెక్కింది.

రేణిగుంట దాకా ఓర్చుకుంటే చాలు, అక్కడ మనవాళ్ళున్నారు. తిరుత్తణి గుడిలో ఆడి కృత్తిక పండగ రద్దీ. రోడ్డంతా కావళ్ళు మోసేవాళ్ళు. కారు నత్తలా కదిలింది. తిరుత్తణి వచ్చింది. తంగరాజు తిరుపతి రోడ్డు వదిలి స్టేషను వైపు తిప్పాడు.

"రేణిగుంట కదన్నా?"

"ఇక్కడే ఇచ్చేస్తాము," అన్నాడు తంగరాజు. "రైలు రెండు నిమిషాలు నిలుస్తాది."

రైలు కూత వినిపించింది. లెవల్ క్రాసింగ్ గేటు ఇంకా తెరిచే ఉంది. అది దాటితే స్టేషను. రత్నస్వామి మడమతో బటన్ నొక్కాడు. గేటుకు పది గజాల దూరంలో ఇంజను చచ్చిపోయింది. వాళ్ళ కళ్ళముందే గేటు పడింది.

తంగరాజు రెండుసార్లు తాళం తిప్పాడు. తర్వాత సీట్ల సందులోంచి రత్నస్వామి కాలును చూశాడు. ఒక్క ఊపున వెనక్కి తిరిగి కాలరు పట్టి లాగాడు. రెండో చేతిలో పొడుగాటి సూది. దాని మొన రత్నస్వామి మెడకు తగిలింది.

కోకిల వాల్యూము చివరిదాకా తిప్పింది.

తలుపులోంచి నాదస్వరం తంగరాజు చెవి పక్కనే పేలింది. అతను తుళ్ళిపడ్డాడు. రత్నస్వామి ఆ మణికట్టు పట్టి సీటు అంచుకేసి విరిచాడు. సూది కింద పడింది. జేబులోని తీగతో అతని చేతులు వెనక్కి కట్టేశాడు. గేటు అవతల రైలు ఆగింది, రెండు నిమిషాలు నిలిచి కదిలింది. ఫస్టు క్లాసు తలుపులో ప్రొఫెసరు వేషంలో ఉన్న ఒక తెల్లవాడు రోడ్డు వైపే చూస్తూ ఖాళీ చేతులతో వెళ్ళిపోయాడు. రేణిగుంటలో అతన్ని దించుకోవడానికి మనవాళ్ళు సిద్ధంగా ఉన్నారు.

కోకిల పాట ఆపింది.

"మునియప్పన్న ద్వారా రెండేండ్లుగా మీకు వార్తలు పంపతా ఉండాను," అంది. "ఆయప్పను వీడే చంపినాడు."

"ముందే చెప్పుంటే?"

"మీరు నమ్ముతారా? మీ జాగాలో నేనుంటే నమ్మను."

రత్నస్వామి గేటు గదిలోని ఫోను నుంచి కబురు చేశాక గంటలో వరదయ్య జీపు వచ్చింది. తంగరాజుకు బేడీలు పడ్డాయి. ఫిల్ము డబ్బీ ఎడమ స్పీకరు వెనకే దొరికింది. విచారణ కోసం జీపెక్కబోతూ కోకిల వెనక్కి తిరిగింది.

"పని బాగా చేసినావన్నా. కుడి తలుపులో మాత్రం కీచు ఎక్కువగా ఉండాది."

రత్నస్వామి తన రిపోర్టులో అన్నీ వివరంగా రాశాడు. ఆ ఒక్క మాట తప్ప.