రెండో తాళంచెవి

ఇన్స్యూరెన్స్ కంపెనీ వెంకటసుబ్బయ్యను దొంగ అంది. నోటితో అనలేదు. కాగితం మీద టైపు చేసి, ముద్ర వేసి, రిజిస్టర్డు పోస్టులో పంపింది. ముప్పై రెండేళ్లు కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో పనిచేసి, ఆఫీసు పెన్నుతో ఇంటికి ఉత్తరం ముక్క రాయని మనిషి. అలాంటివాడు తన కారు తానే అమ్ముకుని, పోయిందని అబద్ధమాడాడట. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. అన్యాయం జరిగింది.

1996 ఆగస్టులో ఒక పొద్దున ఆ కాగితం పట్టుకుని ఆయన ఢిల్లీ కరోల్ బాగ్‌లో ఛాయాదేవి ఆఫీసు మెట్లెక్కాడు. కింద సివిల్స్ కోచింగ్ సెంటరు, పైన ఆవిడ గది. పన్నెండేళ్లు ఇన్స్యూరెన్స్ క్లెయిముల విభాగంలో పనిచేసి, అక్కడి పద్ధతులు నచ్చక మానేసి, ప్రైవేట్ డిటెక్టివ్ అని బోర్డు పెట్టుకున్న మనిషి ఆవిడ. సహాయకుడు రామమూర్తి స్టెనోగా రిటైరయ్యాడు, ఆవిడకంటే పదేళ్లు పెద్ద. ఆవిడ అడిగే ప్రశ్నలను షార్ట్‌హ్యాండ్‌లో రాసుకుంటూ, ఇది నాకెందుకు తట్టలేదని రోజుకోసారి ఆశ్చర్యపోవడం ఆయనకు అలవాటైపోయింది.

వెంకటసుబ్బయ్య కుర్చీ అంచున కూర్చుని నాలుగు ముక్కల్లో చెప్పాడు. తెల్ల మారుతి కారు. నడిపింది ఆయన కాదు, భార్య అన్నపూర్ణేశ్వరి. యాభయ్యో ఏట నేర్చుకుని మయూర్ విహార్ నుంచి కన్నాట్ ప్లేస్ దాకా ఒక్కతే వెళ్లివచ్చేది. జనవరిలో ఆవిడ పోయింది. పిల్లలు లేరు. కారు ఫ్లాటు కింద ముసుగేసి ఉండేది. మార్చి పద్నాలుగున తెల్లారి చూస్తే లేదు. పోలీసు రిపోర్టు ఇచ్చాడు. కంపెనీ రెండు తాళంచెవులూ అడిగితే కవర్లో పెట్టి ఇచ్చాడు. అందులో ఒకటి అసలుది కాదని, బజార్లో కోయించిన నకలని కంపెనీ తేల్చింది. అసలుది కారుతోపాటు కొన్నవాడికి ఇచ్చేసి ఉంటాడని రాసింది.

"ఎవరిమీదైనా అనుమానం ఉందా?" అని ఛాయాదేవి అడిగింది.

"కంపెనీ మీద."

"మీకు క్లెయిము ఇప్పించాలా?"

"డబ్బు నాకక్కర్లేదు. ఈ కాగితం తప్పని రాసిన ఇంకో కాగితం కావాలి."

ఆ మధ్యాహ్నమే ఛాయాదేవి, రామమూర్తి కంపెనీ ఆఫీసుకు వెళ్లారు. ఆ క్లెయిము ఫైలు చూసే అధికారి ఖురానా ఆవిడకు పాత పరిచయం. మర్యాదగానే కూర్చోబెట్టి టీ తెప్పించి, ఈ కేసులో మీరు చేసేదేమీ లేదు మేడమ్, ముసలాయన దొరికిపోయాడు అన్నాడు. వారం రోజుల్లో పోలీసులకు ఫిర్యాదు కూడా వెళ్తుందట. కవరు విప్పి తాళంచెవులు టేబుల్ మీద పెట్టాడు.

మొదటిది వాడి వాడి నునుపెక్కింది. రెండోదాని మీద మారుతి కంపెనీ వేసే నంబరు లేదు. పళ్లను ఒకసారి కాదు, మూడు నాలుగుసార్లు ఆకురాయితో అరగదీసిన గీతలున్నాయి. తల మీద గోరంత పొడవున ఎర్రటి కుంకుమ గీత, అందులో అతుక్కుపోయిన తెల్లటి బియ్యపు నూక. ఛాయాదేవి భూతద్దం రామమూర్తి చేతికిచ్చింది.

"ఏ రంగు కనిపిస్తోంది?"

"ఎరుపండి."

"ఇంకేమైనా?"

"ఇంకేమీ లేదు మేడమ్. బియ్యం తెలుపు."

"అదే రాసుకోండి."

రామమూర్తి రాసుకున్నాడు. ఎందుకో మాత్రం తెలియలేదు.

మర్నాడు మయూర్ విహార్ వెళ్లారు. ఆ ఇంట్లో మొదటి తాళంచెవి తలుపు పక్క మేకుకు వేలాడేది. రెండోది పూజ అల్మారాలో ఉండేది. కిందటి దసరాకు కారు పూజ చేసినప్పుడు అన్నపూర్ణేశ్వరి దాన్ని అమ్మవారి పటం ముందు పెట్టింది, మళ్లీ తీయలేదు. కంపెనీ అడిగిన రోజున వెంకటసుబ్బయ్య అల్మారా తెరిచి, దానివైపు సరిగ్గా చూడకుండానే కవర్లో వేశాడు. చూడాలనిపించలేదన్నాడు.

అది అక్కడుందని తెలిసినవాళ్లు ముగ్గురే. ఛాయాదేవి ఒక్కొక్కరినే పిలిచి అడిగింది.

వంటమనిషి నాగేంద్రమ్మది శ్రీకాకుళం వైపు. తమ్ముడు త్రిలోక్‌పురిలో కార్ల మెకానిక్. ఆ సంగతి ఖురానా ఫైల్లో ఎర్ర సిరాతో రాసి ఉంది. ఆవిడకు అది తెలుసు, అందుకే ముందే గడగడా చెప్పేసింది.

"మా తమ్ముడు మెకానిక్కయితే నేను దొంగనా అమ్మా? నేనా అల్మారా ముట్టుకోలేదు. అమ్మగారు పోయిన ఇల్లు, ఏడాదిదాకా పూజా పునస్కారం ఏముంటాది? పదో రోజున ఇల్లంతా కడిగేసినాం. గడపల పసుపు కూడా పోయింది. ఆవిడ చెయ్యి పడింది ఏదైనా మిగిలిందంటే ఆ అల్మారాలోనే. దాన్ని తియ్యొద్దని బాబుగారే అన్నారు."

"అమ్మగారు బాగా పూజలు చేసేవారా?"

"అయ్యో, దసరాకి మిక్సీకీ బొట్టే, గ్యాసు బండకీ బొట్టే. కదలకుండా కూర్చుంటే నాకూ పెట్టేసేవారు."

పై గదిలో అద్దెకుండే విష్ణుది ప్రొద్దుటూరు. సివిల్స్ మూడోసారి రాస్తున్నాడు. బ్యాటరీ చచ్చిపోకుండా వారానికోసారి మేకు మీది తాళంచెవితో కారు స్టార్ట్ చేసేవాడు. ఆఖరిసారి స్టార్ట్ చేసింది మార్చి పదిన. "నాకు కారు కావాలంటే ఆ మేకు మీదిది ఉండనే ఉంది గదా మేడమ్, దేవుని అల్మారాలో చెయ్యి పెట్టేదెందుకు?" అన్నాడు. రామమూర్తికి ఆ మాట సబబుగానే తోచింది.

మూడోవాడు రవికిరణ్. అన్నపూర్ణేశ్వరి అన్నగారి కొడుకు. ఢిల్లీలోనే పుట్టి, ఆర్.కె.పురం క్వార్టర్స్‌లో పెరిగి, గుర్‌గావ్‌లో ఒక కంపెనీలో ఉద్యోగం చేస్తున్నాడు. ఆదివారాలు మామయ్యను చూడడానికి వస్తాడు. తెలుగులో అడిగితే సగం హిందీలో జవాబిచ్చాడు.

"చూడండి ఆంటీ, చోరీ హో గయీ, బస్. ఢిల్లీలో రోజూ పోతాయి. ఈ ఇన్స్యూరెన్స్‌వాళ్లే బద్మాష్‌లు. ఇవ్వాల్సివస్తే ఏదో ఒక బహానా చెప్పి ఎగ్గొడతారు."

"అవును" అన్నాడు వెంకటసుబ్బయ్య. ఆ రోజంతా ఆయన ఒప్పుకున్న మాట అదొక్కటే.

గోడకు దసరా నాటి ఫొటో ఉంది. కారు చక్రాల కింద నిమ్మకాయలు, స్టీరింగు ముందు రవికిరణ్, పక్కన హారతి పళ్లెంతో అన్నపూర్ణేశ్వరి. నిమ్మకాయల మీదుగా కారు నడిపే పని ఆవిడ మేనల్లుడికే ఇచ్చేదని వెంకటసుబ్బయ్య చెప్పాడు. ఛాయాదేవి ఆ ఫొటో అడిగి తీసుకుంది.

శుక్ర, శనివారాలు ఆవిడ రామమూర్తిని ఆ ఫొటో ఇచ్చి రెండు చోట్లకు పంపింది. ఒకటి ఆర్.కె.పురం మార్కెట్‌లో తాళాలు చేసేవాళ్ల దగ్గరికి. రెండోది గుర్‌గావ్. ఎండలో బస్సులు మారి తిరిగిన ఆయన, కనుక్కున్నది నోట్‌బుక్కులో రాసి ఆవిడ ముందు పెట్టాడు. ఆవిడ చదివి, "ఆదివారం దాకా ఎవరికీ చెప్పొద్దు" అంది.

ఆదివారం పది గంటలకు అందరూ వెంకటసుబ్బయ్య ముందుగదిలో ఉన్నారు. ఖురానా కూడా వచ్చాడు, మనసులేకుండానే. బల్ల మీద ఒక పళ్లెం. అందులో తడిపిన పసుపు, కుంకుమ, బియ్యం, మూడు కొత్త తాళంచెవులు. దసరాకు అన్నపూర్ణేశ్వరిగారు పెట్టినట్టు తలా ఒకదానికి బొట్టు పెట్టమని ఛాయాదేవి అడిగింది. ఎందుకని ఎవరూ అడగలేదు. రవికిరణ్ మాత్రం నవ్వాడు.

నాగేంద్రమ్మ పసుపు ముద్దలో వేలు ముంచి తాళంచెవి తలంతా పూసి, దాని నడుమ గుండ్రంగా కుంకుమ పెట్టింది. విష్ణు మొగమాటపడుతూనే అంతే చేశాడు. పసుపు కొంచెం ఎక్కువైతే చొక్కాకు అంటకుండా తుడుచుకున్నాడు. రవికిరణ్ బొటనవేలు నేరుగా కుంకుమలో అద్ది, కింది నుంచి పైకి ఒక్క గీత లాగి, దానిమీద రెండు బియ్యపు గింజలు అతికించాడు.

ఛాయాదేవి ఖురానా తెచ్చిన కవర్లోంచి నకలు తాళంచెవి తీసి ఆ మూడింటి పక్కన పెట్టింది. ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. అయినా ఆవిడ చెప్పింది.

"ఖురానాగారూ, మా ఇళ్లలో పసుపు లేకుండా వస్తువుకు బొట్టు పెట్టరు. అక్షింతలకు కూడా పసుపు కలుపుతాం. ఈ నకలు మీద పసుపు జాడ లేదు, బియ్యం తెల్లగా ఉంది. కాబట్టి దీన్ని అన్నపూర్ణేశ్వరిగారు ముట్టుకోలేదు. ఆవిడ పెట్టిన దాన్ని తీసుకుని, దీన్ని ఆ చోట పెట్టి, తేడా తెలియకుండా బొట్టు పెట్టినవాడు ఒకడున్నాడు. ఈ ఇంట్లో ఎరుపు చూశాడు గానీ దాని కింది పసుపు చూడలేదు. బయట ఢిల్లీలో ఉత్తరాదివాళ్లు పెట్టే తిలకం పెట్టాడు. వెంకటసుబ్బయ్యగారే ఈ పని చేసి ఉంటే బొట్టు ఎందుకు? ఆయనకు ఆయనే చూపించుకోవడానికా?"

ఖురానా నకలును చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. అలాగైతే దొంగ ఈ నకలుతోనే కారు తీసుకుపోయి, అసలుది అల్మారాలో వదిలేయొచ్చు కదా అని అడిగాడు. మంచి ప్రశ్నే.

"అలాగే చేద్దామనుకున్నాడు. ఈ పళ్లు చూడండి, మళ్లీ మళ్లీ అరగదీశారు. తలుపు తెరుచుకుంది గానీ ఇంజను తిరగలేదు. చివరికి అసలుదే ఉంచుకుని నకలు వెనక్కి పెట్టాడు. మేకు మీదిది తీస్తే విష్ణుకు తెలుస్తుంది. అల్మారా ఏడాదిదాకా ఎవరూ తెరవరని ఈ ఇంటి మనిషికి తెలుసు."

రామమూర్తి తలుపు తెరిచాడు. బయట మెట్ల మీద కూర్చున్న సలీం లోపలికొచ్చాడు. ఆర్.కె.పురం మార్కెట్‌లో తాళాలు చేస్తాడు. మారుతి తాళంచెవి ఇంజనులో తిరగట్లేదని ఫిబ్రవరిలో మూడుసార్లు వచ్చి తన పని బాగాలేదని తిట్టిపోయిన బాబు ఇతనే అని, తిట్లు గుర్తున్నవాడిలా రవికిరణ్‌ను చూపించాడు. గుర్‌గావ్‌లో ఆ బాబు ఆఫీసు వెనకాల నంబరు ప్లేటు మార్చిన తెల్ల మారుతి నిలబడి ఉందని, చాసిస్ నంబరు ఫైల్లోదేనని రామమూర్తి నోట్‌బుక్కు చూసి చదివాడు. చదివి నోట్‌బుక్కు ఖురానా వైపు తిప్పాడు, గర్వంగా.

రవికిరణ్ మామయ్య వైపు తిరిగాడు.

"అత్త నాకే ఇస్తానంది మామయ్యా. నా తర్వాత కారు నీదేరా అంది. మీరేమో ముసుగేసి పెట్టారు. మీకు ఇన్స్యూరెన్స్ వస్తుంది, నాకు కారు. కిసీ కా నుక్సాన్ నహీ, ఎవరికీ నష్టం లేదు. మిమ్మల్ని దొంగ అంటారని నాకేం తెలుసు?"

"ఉత్తరం వచ్చి నెలైంది" అంది ఛాయాదేవి. "అప్పుడు తెలిసింది కదా?"



వెంకటసుబ్బయ్య చెయ్యి చాపాడు. రవికిరణ్ జేబులోంచి తాళంచెవి తీసి ఆ చేతిలో పెట్టాడు. ఆయన దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుగులో అటూ ఇటూ తిప్పాడు. తళతళలాడుతోంది.

"పసుపేది?"

"కడిగేశాను మామయ్యా, సబ్బుతో. పళ్లలోకి దిగి ఇగ్నిషన్‌లో పట్టేస్తోంది."

నాగేంద్రమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రామమూర్తి పెన్ను మూసేశాడు. అది రాసుకోవలసిన సంగతి కాదు.

వెంకటసుబ్బయ్య వెనక్కి వచ్చి తాళంచెవిని ఖురానా ముందు పెట్టాడు. పక్కన ఒక తెల్ల కాగితం పెట్టాడు. ఖురానా ఇంకేమీ అడగకుండా, వెంకటసుబ్బయ్య ఏ మోసమూ చేయలేదని, తమ ఉత్తరం తప్పని, దాన్ని రద్దు చేస్తున్నామని తన చేత్తో రాసి సంతకం పెట్టాడు. కంపెనీ కాగితం మీద టైపు చేసి రేపే పంపుతానన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, పోలీసులకు చెప్పక తప్పదు, ఇంటి పిల్లాడు, మీరేమంటారు అని అడిగాడు.

"చెప్పండి. సంతకం ఎక్కడ కావాలంటే అక్కడ పెడతాను."

"మామయ్యా" అన్నాడు రవికిరణ్.

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, వెళ్లి తలుపు తీసి పట్టుకున్నాడు.

నవంబరులో కోర్టు కారును ఆయనకు అప్పగించింది. కాగితాల మీద సంతకం కోసం రామమూర్తి మయూర్ విహార్ వెళ్లినప్పుడు అది కింద ముసుగులోనే ఉంది. పైన రవికిరణ్ తల్లి కాంతమ్మ కూర్చుని ఏడుస్తోంది. పిల్లాడి ఉద్యోగం పోయిందని, కేసు నడుస్తోందని, మీరొక్క మాట చెబితే జడ్జిగారు వింటారని, చనిపోయిన ఆడబిడ్డ పేరెత్తి బతిమాలుతోంది. వెంకటసుబ్బయ్య సంతకాలు పెట్టడం అయ్యాక కళ్లజోడు తీశాడు.

"కోర్టులో అడిగినదానికి చెప్పాను. ఇంక ఆ సంగతి ఎవరితోనూ మాట్లాడను" అన్నాడు. ఆవిడ మళ్లీ మొదలుపెట్టబోయింది. ఆయన రామమూర్తి వైపు తిరిగి, మయూర్ విహార్ నుంచి కరోల్ బాగ్‌కు నేరుగా వెళ్లే బస్సు ఏదని అడిగాడు.

ఆ తర్వాత ఆయన పదకొండేళ్లు బతికాడు. ఆ సంగతి మాట్లాడలేదు.