ఎర్రయ్య రెండో ప్లేటు

“టార్గెట్ మీనాకుమారి. మన డిపార్ట్‌మెంటే, కానీ రెండు పడవల మీద కాళ్లు.”

ఇయర్‌పీస్‌లో చీఫ్. ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం మీద చాయ్‌వాలా వేషంలో ఉన్న ఏజెంట్ సిరిల్ పెదవి కదపకుండా అడిగాడు. “సరుకు?”

“ఫ్లో సెల్. అరచేతిలో పట్టే రియాక్టర్. రెండు లోహపు ప్లేట్లు, మధ్యలో సన్నని సందు. ద్రావణం పారిస్తూ కరెంటు ఇస్తే అవతల మందు ఆగకుండా వస్తుంది. విషం కావాలన్నా అంతే. కొనేది విదేశీ ముఠా.”

“చేసిందెవరు?”

“ఎర్రయ్య. ఇక్కడి న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో ఉండే రిటైర్డ్ ఫిట్టర్. కూతురు పోయి రెండేళ్లు. మీనా వెళ్లి ‘నాన్నా’ అని పిలిచింది. అంతే, చేసిచ్చాడు.”

సిరిల్ ఈ ఊళ్లోనే పుట్టాడు. తుపాకీ చూపించి చేయించుకున్నా ఇంత పాపం కాదు.

మీనా వచ్చింది. ఎర్ర చీర, నల్ల కళ్లద్దాలు. మెడలో కెమెరా వేసుకున్న విదేశీయుడు ఎదురొచ్చాడు.

“దీదీ, పూరీలో వానలా?”

“గొడుగు తెచ్చాను.”

కోడ్ కలిసింది. ఇద్దరూ ఏసీ కూపే ఎక్కారు. వెనకే సిరిల్ కెటిల్‌తో తలుపు తోశాడు. మీనా ఒక్క చూపులో గుర్తుపట్టింది. విదేశీయుడి పిస్టల్ సిరిల్ గుండెకు ఆనింది.

“ముందు టెస్ట్,” అన్నాడు వాడు. మీనా బుల్లి పంపు ఆన్ చేసింది. నీలం ద్రావణం ప్లేట్ల అంచుల్లోంచి కారి ఆమె చీర మీద పడింది.

“మోసం!” పిస్టల్ మీనా వైపు తిరిగింది.

“నిన్న ముసలాయన ఇంట్లో నేనే చూశాను! చుక్క కారలేదు!” మీనా అరిచింది.

ఆ ఒక్క క్షణం చాలు. మరిగే చాయ్ వాడి చేతి మీద పడింది. రైలు కదిలేసరికి ఇద్దరూ సంకెళ్లతో ప్లాట్‌ఫారం మీద ఉన్నారు.

మధ్యాహ్నం సిరిల్ వెళ్లేసరికి ఎర్రయ్య గుమ్మంలోనే కూర్చుని ఉన్నాడు.

“మీనా పంపినాదా బాబూ? లీకయినాదా?” మొహం వెలిగిపోతోంది.

“అయినాది బాబాయ్. నీకెలా తెలుసు?”

“రెండు ప్లేట్ల మొకాలూ ఒకదాని మీదొకటి అరగదీసినాను. ఆ జోడీ ఇడదీస్తే ఇంకేదీ కుదరదు. మూట కట్టినప్పుడు ఒకటి మార్సేసినాను.” చొక్కా జేబులోంచి అసలు ప్లేటు తీసి చూపించాడు.

“ఎందుకు?”

“బాగా పన్జేస్తే మల్లీ ఎందుకొస్తాది? కారితే వస్తాది. ‘నాన్నా, సూడు’ అంటాది.” గొంతు తగ్గించాడు. “ఎప్పుడొస్తానన్నాది?”

సిరిల్‌కి ఏడుపొచ్చింది. ఎంత శిక్షణా దాన్ని ఆపలేకపోయింది. మొహం పక్కకు తిప్పుకున్నాడు.

“సెప్పలేదు బాబాయ్.”

“పర్నేదు. నానేటి, ఎక్కడికెల్తాను?” ప్లేటును గుడ్డతో తుడిచి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

వీధి మలుపులో ఇయర్‌పీస్ పలికింది. “సెల్‌లో ఒక ప్లేటు జోడీది కాదంటోంది ల్యాబ్. అసలు రెండో ప్లేటు స్వాధీనం చేసుకున్నావా?”

“దొరకలేదు సార్.”

పద్దెనిమిదేళ్లుగా ప్రభుత్వం కోసం అబద్ధాలాడుతున్న సిరిల్, ప్రభుత్వంతోనే అబద్ధమాడటం అదే మొదటిసారి.