క్యారీలో మేపుల్ చెట్టును చంపిందెవరు?

"ఎలాగైనా మా అమ్మని ఒప్పించండి మేడమ్," అన్నాడు రవికాంత్, కుర్చీలో కూర్చోకుండానే. "సారీ లెటర్ మీద సైన్ చేస్తే ఇష్యూ క్లోజ్. నాకసలే గ్రీన్‌కార్డ్ ప్రాసెస్ నడుస్తోంది."

"తప్పెవరిదో తేలుస్తాను. తల్లుల్ని ఒప్పించడం నా పని కాదు," అంది డిటెక్టివ్ ఛాయాదేవి. అసిస్టెంట్ వేణుమాధవ్‌కి ఆ జవాబు తెగ నచ్చింది. ఆవిడ ఏమన్నా అతనికి నచ్చుతుంది, అది వేరే సంగతి.

అమెరికాలోని క్యారీ ఊళ్ళో, రవికాంత్ ఇంటి పక్కనున్న కాలనీ మేపుల్ చెట్టు నిలువునా ఎండిపోయింది. ఎవరో దాని మొదట్లో డ్రిల్‌తో కన్నాలు చేసి కలుపుమందు పోశారు. గోంగూర మడికి నీడ పడుతోందని రవికాంత్ తల్లి అనంతలక్ష్మే ఆ పని చేసిందనీ, జూలై పదిన పొద్దున ఆరున్నరకి కళ్ళారా చూశాననీ ఎదురింటి రఘువీర్ కాలనీలోని నలభై ఇళ్ళకీ ఈమెయిల్ పంపాడు. క్షమాపణ రాయకపోతే శనివారం కాలనీ అసోసియేషన్ వాళ్ళు మడి తవ్వించేస్తారు.

"తవ్వుకోమనండి! చెయ్యని తప్పుకి సంతకం మాత్రం పెట్టను," అంది అనంతలక్ష్మి, తన ఇంటికొచ్చిన ఛాయాదేవితో.

"ఆ పొద్దున ఏం చేస్తున్నారు?"

"మా అత్తగారి తద్దినమమ్మా. నాలుగింటికే తలస్నానం చేసి వంటింట్లోకి వెళ్ళినదాన్ని, మధ్యాహ్నం దాకా బయటికి రాలేదు."

ఛాయాదేవి ఇంటి చుట్టూ ఒకసారి తిరిగింది. వాకిట్లో ఇవాళ పొద్దున వేసిన ముగ్గు చక్కగా ఉంది. చెట్టుకి ఒక్క ఆకైనా మిగలకపోవడంతో, ఎదురింటి కప్పు మీద కొత్త సోలార్ ప్యానెళ్ళకి ఎండ నిండుగా తగులుతోంది. జూలై పదిన పార్సిలేమైనా వచ్చిందేమో చూడమని రవికాంత్‌కి చెప్పి, రోడ్డు దాటింది.

"ఇంత దూరం నుంచి ఆవిడేనని ఎలా గుర్తుపట్టారు?"

"రోజూ చూసే మనిషే కదండీ," అన్నాడు రఘువీర్. "ఎప్పటిలాగే ముగ్గు ఫినిష్ చేసి, బాటిల్ తీసుకుని చెట్టు దగ్గరికెళ్ళారు."

శుక్రవారం సాయంత్రం రవికాంత్ ఇంట్లో అందరూ కూర్చున్నారు. రఘువీర్ భార్య సుధ కూడా వచ్చింది.

"తద్దినం రోజు వాకిట్లో ముగ్గు పెట్టరు. అది మీకూ తెలుసు రఘువీర్‌గారూ, ఆ రోజు తద్దినమని మాత్రం తెలీదు," అంటూ ఛాయాదేవి రవికాంత్ ఫోన్ చూపించింది. ఆ రోజు ఆరూ యాభై రెండుకి పార్సిల్ పెట్టి వెళ్ళినవాళ్ళు తీసిన ఫోటో అది. వాకిలి బోసిగా ఉంది. "లేని ముగ్గుని చూశానన్నారంటే, మిగతాదీ కట్టుకథే. నీడకి మీ ప్యానెళ్ళు పనిచెయ్యడం లేదని చెట్టు కొట్టెయ్యమంటూ రెండుసార్లు అప్లికేషన్ పెట్టారు. అసోసియేషన్ రెండుసార్లూ కాదంది, వాళ్ళనే అడిగి తెలుసుకున్నాను."

సుధ మొగుడి వైపు తిరిగింది. "ఆ వారం గరాజ్‌లో డ్రిల్ కడిగింది ఇందుకా?"

రఘువీర్ గొంతు తగ్గించి అన్నాడు. "సారీ ఆంటీ. చెట్టు సంగతి నేను చూసుకుంటా. ఇది మన తెలుగువాళ్ళ మధ్యే ఉంచుదాం, ప్లీజ్."

"పోనీలేమ్మా," అని నసిగాడు రవికాంత్.

"నువ్వూరుకోరా!" అనంతలక్ష్మి లేచి రఘువీర్ ఎదుట నిలబడింది. "నలభై ఇళ్ళలో నా పరువు తీసినప్పుడు నేను తెలుగుదాన్నని గుర్తు రాలేదా బాబూ? ఫోన్ తియ్యి. చేసిందంతా ఇంగ్లీషులో రాసి, నలభై ఇళ్ళకీ పంపు. పంపేదాకా నేనిక్కడే నిలబడతా."